కనగల్ తినకుండ ఎందుకు పోయిండు

(ఈ పేజీ రాసే అక్కయ్య నల్లగొండలో డిగ్రీ చదివి, తపాలా శాఖలో 38 ఏళ్ళు పనిచేసి 2019లో రిటైరయ్యారు. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడు కాలేజీ దోస్తుల గురించే కావడంతో పేజీ మొత్తం వాటికే ఇచ్చాం.)

*అక్కా, నమస్తే. మాది మిర్యాలగూడ. స్కూల్ అసిస్టెంట్‌గా చేసి, 61 నిండి పోయిన ఏడాది రిటైరయ్యాను. నల్లగొండలో 1981–84 బీఎస్సీ బ్యాచ్ మాది. ఐదేళ్ళ కింద వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం, 58 మందిమి. మొదటి ఆరు నెలలు పండగలా గడిచింది. ఇప్పుడు పొద్దున గుడ్ మార్నింగ్ పూలు, రాత్రి ఎవరిదో ఫార్వర్డు, ఎవరైనా పోతే వరసగా ఓం శాంతులు. ఎన్నికలప్పుడు మాటా మాటా పెరిగి ముగ్గురు బయటికెళ్ళారు. అందరినీ మళ్ళీ ఒకచోట చేర్చాలని నల్లగొండలో ఫంక్షన్ హాలు చూసి, తలా మూడు వేలు అనుకుందామని పెట్టాను. 11 మంది బొటనవేలు గుర్తు పెట్టారు. మిగతావాళ్ళు చదివి ఊరుకున్నారు. మా ఇంటావిడేమో "నలభై ఏండ్లు లేని దోస్తులు ఇప్పుడు యాడికెల్లి వచ్చిండ్రు?" అని నవ్వుతోంది. ఈ యావ నా ఒక్కడికేనా? ఏం చేయమంటారు?*
— ఒక రిటైర్డ్ సారు, మిర్యాలగూడ

సారూ, వయసుకు మీరు నాకు తమ్ముడే గని సారు సారే. ముందు ఒక్క మాట చెప్పండి: హాలుకు అడ్వాన్స్ ఇచ్చిండ్రా? ఇయ్యకపోతే ఆగండి. ఇచ్చి ఉంటే ఎంత వాపస్ వస్తదో అడగండి.

ఇట్ల మొఖం మీద ఎందుకు చెప్తున్న అంటే, మీరు చేయబోయే పని నేను 2019 డిసెంబర్ల చేసిన. మాది 1976–79 బీఏ. డిగ్రీ అయిపోయి నలభై ఏండ్లు, నాకు రిటైర్మెంట్ అయి నాలుగు నెలలు. చేతుల పని లేదు, చేతికి అలవాటు పోలేదు. హాలు, ఫ్లెక్సీ, శాలువలు, మెమెంటోలు, మధ్యాహ్నం భోజనం. వేదిక మీద ఎవరు కూసోవాలె, ముందు వరసల ఎవరు, మైకు ఎవరి తర్వాత ఎవరికి పోవాలె, ఆ లిస్టు కూడ నేనే రాసిన. కలెక్టరాఫీసుల పెద్ద కుర్చీల చేసినాయన, ఇద్దరు ప్రిన్సిపాళ్ళు, ఒక డాక్టరు, బ్యాంకు మేనేజర్లు పైన. మిగతోళ్ళు కింద. ముప్ఫై ఎనిమిదేండ్లు ఉత్తరాలు సార్టింగు చేసిన చెయ్యి మనుషుల్ని గూడ సార్టు చేసి పెట్టింది.

మా బ్యాచ్‌ల పేర్లకన్న ఊర్ల పేర్లే ఎక్కువ నడిచేవి. ఒకే పేరోళ్ళు నలుగురు నలుగురు ఉండేది, ఏం చేస్తం? కనగల్, తిప్పర్తి, నకిరేకల్, మునుగోడు, హాలియా, ఇట్లనే పిలుచుకునేది. లెక్చరర్లు గూడ హాజరు తీసుకునేటప్పుడు "ఏమాయె, మునుగోడు రాలేదా?" అనేటోళ్ళు. ఆ రోజు కనగల్ వచ్చిండు. అప్పుడే డబ్బాల నుంచి తీసిన తెల్లంగి, మడతలు ఇంక పోలేదు, కాలరు కింద అట్టముక్క గూడ తియ్యలేదు. వెనక నుంచి రెండో వరసల కూసున్నడు.

పరిచయాలు మొదలైనయి. ఒక్కొక్కరు లేసి పేరు, చేసిన ఉద్యోగం, రిటైరైన పోస్టు, పిల్లలు ఏ దేశంల ఉన్నరు, ఇల్లు ఏ కాలనీల కట్టిండ్రు. ఒకాయనైతే తన ట్రాన్స్‌ఫర్లన్నీ వరసగా చెప్పిండు, పదకొండు. మైకు తిరిగి తిరిగి కనగల్ దగ్గరికి వచ్చింది. ఆయన దాన్ని రెండు చేతులతోటి పట్టుకొని "నేను కనగల్‌ల ఉంట" అని పక్కాయనకు ఇచ్చేసిండు. చప్పట్లు కొట్టాల్నా వద్దా తెల్వక ఎవ్వరం కొట్టలేదు.

భోజనాల దగ్గర చూస్తె ఆయన లేడు. కుర్చీ మీద మెమెంటో డబ్బా, దాని కింద అన్నం టోకెను. ఆ మెమెంటో మీద కాలేజీ బొమ్మ, కింద "స్నేహాబంధం" అని ఉంటది. అచ్చుతప్పు నాదే, ప్రూఫు నేనే చూసిన.

పదిహేను రోజులకు ఆ డబ్బా సంచిల పెట్టుకొని కనగల్ బస్సెక్కిన. ఇంటికాడ లేడు, తోటకాడున్నడు. బత్తాయి చెట్ల కింద పాదులు సరిచేస్తున్నడు. నన్ను చూసి పార పక్కకు పెట్టి కుండల నీళ్ళు ముంచి ఇచ్చిండు. ఎందుకు పోయినవని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. చానసేపు చెట్ల గురించే మాట్లాడినం. మన జిల్లా బత్తాయికి పేరు గొప్ప గని బోరు ఎండితే చెట్టు రెండు ఎండాకాలాలు ఆగదు. ఎంతమంది తోటలు కొట్టేసి పొయ్యిలకు అమ్ముకున్నరో మీకు చెప్పేదేముంది. లేచేటప్పుడు ఆయనే అన్నడు: "కరువుల ట్యాంకర్లతోటి నీళ్ళు కొనుక్కొచ్చి పోసి నూట ఇరవై చెట్లు బతికిచ్చిన అక్కా. మైకుల చెప్పనీకె అది ఏ పోస్టు కిందికి వస్తదో నాకు తెల్వలె."

మేం ఒకే ఈడోళ్ళం. ఎన్నడూ పేరు పెట్టి పిలిచే మనిషి, ఆ రోజు అక్కా అన్నడు. ఆ ఒక్క పిలుపే నాకు నెల రోజులు తిండి సయించనియ్యలేదు.

తర్వాత కరోనా వచ్చె. బ్యాచ్‌ల నలుగురు పోయిండ్రు. 2021 ఆఖర్ల, కొంచెం భయం తగ్గినంక, నేను, కనగల్, తిప్పర్తి, హాలియా పానగల్ల ఛాయా సోమేశ్వరుని గుడికాడ కలిసినం. ఎందుకంటే చదువుకునే రోజుల్ల క్లాసు ఎగ్గొట్టి పోయే జాగ అదే. గర్భగుడిల లింగం మీద పొద్దంతా స్తంభం నీడ పడుతుంటది గద, అది ఏ స్తంభానిదని అప్పట్ల పందేలు కాసేది. ఒక్కొక్కరం ఒక్కొక్క స్తంభం కాడ నిలబడి చూసేది. నీడ కదిలేది కాదు, పందెం తెగేది కాదు, చాయ్ పైసలు ఎవరూ పెట్టేది కాదు. ఆ రోజు గూడ నిలబడి చూసినం. ఇప్పటికి గూడ తెగలేదు.

అప్పటిసంది ప్రతి నెల రెండో శనివారం, పొద్దు వాలేటప్పుడు, పానగల్ల ఉదయ సముద్రం చెరువు కట్టకాడ జమైతం. రెండో శనివారమే ఎందుకంటే ఎవ్వరికి మెసేజీ పెట్టే పని ఉండదు, క్యాలెండరే చెప్తది. వచ్చినోళ్ళు వస్తరు. ఒకసారి నలుగురం, ఒకసారి పద్నాలుగు మందిమి, పోయిన వానలల్ల నేను, తిప్పర్తి ఇద్దరమే గొడుగు కింద. చందా లేదు. ఒకరు ఫ్లాస్కుల చాయ్, ఒకరు సర్వపిండి. కనగల్ ఒక సంచి కాయలు తెస్తడు, కాయ లేని రోజుల్ల ఉత్త చేతులతోటి వస్తడు. ఇప్పుడు ఎక్కువ మాట్లాడేది ఆయనే. 1979ల మా పరీక్షలయినంక అమెరికోళ్ళ అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ నెత్తిన పడుతదని ఊర్లన్నీ గజగజ వణికినయి గద. చచ్చేదెట్లాగు ఉన్నది గద అని వాళ్ళ బాపు కోళ్ళన్నీ కోయించిండంట. జూలై 11న అది పోయి ఆస్ట్రేలియా దిక్కు పడ్డది. తెల్లారి కనగల్ల గుడ్డు దొరకలేదని ఆయన చెప్తుంటె, పెద్ద కుర్చీల చేసినాయన కట్టమీద పొర్లి పొర్లి నవ్విండు. ఆయనను నవ్వంగ చూసుడు నాకు అదే మొదలు.

ఇగ మీ సంగతి. బొటనవేలు పెట్టనోళ్ళు ఎంతమంది అని లెక్క వేసుకొని కుమిలిపోకండి. వాళ్ళకు మీరంటే ఇష్టం లేక కాదు. అందరం ఒక్కరోజే పరీక్ష రాసినం గని అందరం ఒక్కరోజు రిటైర్ కాలేదు. 2021ల మన రాష్ట్రంల 58 నుంచి 61 చేసిండ్రు గనక మీరు 61కి దిగిండ్రు. నాలెక్క సెంట్రల్‌ల చేసినోళ్ళు 60కే దిగిండ్రు. ప్రైవేటుల చేసినోళ్ళను ఎప్పుడో యాభై ఐదుకే పొమ్మన్నరు, వాళ్ళు ఆ మాట గ్రూపుల చెప్పరు. దుకాణం ఉన్నోళ్ళు, వ్యవసాయం ఉన్నోళ్ళు ఇయ్యాల పొద్దున గూడ పనికే పోయిండ్రు. మీకు వచ్చిన తీరిక వాళ్ళకు రాలేదు. మూడు వేలంటే మీకు పెన్షన్ల ఒక ముక్క. ఇంకొకరికి అది నెల మందులు. లేవని గ్రూపుల చెప్పుకుంటరా ఎవరన్న? చదివి ఊకుంటరు.

అందుకని 58 మందిని కలుపుడు బంద్ పెట్టి ముగ్గురి దగ్గరికి పోండి. కొట్లాడి బయటికి పోయినోళ్ళల్ల ఒకరు. అసలు గ్రూపులనే లేనోళ్ళు ఒకరు, స్మార్ట్ ఫోను లేనాయన ప్రతి బ్యాచ్‌ల ఉంటడు. మూడోది మీ మిర్యాలగూడలనే ఉండి మీరు కలవనాయన. ఫోన్ కాదు, మనిషే పోవాలె. కొట్లాడినాయన దగ్గర ఎన్నికల ముచ్చట తేకండి, సారీ గూడ చెప్పకండి. చెప్తె మళ్ళ మొదలైతది. రైస్‌మిల్లుల ధర ఎట్లున్నదని అడగండి, మిర్యాలగూడల దానికి మించిన పలకరింపు ఏమున్నది?

గ్రూపును తీసెయ్యకండి, అది చావుబతుకుల కబురుకు పనికొస్తది. సెట్టింగుల అడ్మిన్లు మాత్రమే రాసేటట్టు పెట్టుకోవచ్చు, పూల బొమ్మలు వాటంతటవే ఆగిపోతయి. కొన్ని రోజులు కొందరు అలుగుతరు, కానీయండి. ఇంకొకటి, ఎవరన్న పోతే నలభై ఓం శాంతుల బదులు ఇద్దరు ఇంటికి పోవాలె. దినాల నాడు అందరు పోతరు, ఇల్లు నిండుగనే ఉంటది. నెల దాటినంక, పిల్లలు మళ్ళ బెంగళూరో అమెరికానో పోయినంక, ఆ ఇంట్ల మిగిలిన మనిషి దగ్గరికి ఒకసారి పోండి. తిప్పర్తి వాళ్ళ ఇంటాయన పోయినంక నెలన్నరకు పోతే ఆమె మాకు చాయ్ పెట్టడానికి చక్కెర డబ్బా ఎక్కడున్నదో వెతుక్కుంది. ఆ నెలన్నరసంది చాయ్ పెట్టలేదంట.

కలిసే పనులు మన వయసుకు కొరవ లేవు. హాలియాకు కంటి ఆపరేషన్ అయితే పట్టీ విప్పేదాక మునుగోడు తోడున్నడు, కొడుకు వీడియోకాల్‌ల చూసిండు. ప్రతి నవంబర్ల జీవన ప్రమాణ పత్రం ఇయ్యాలె గద, మా సెంట్రల్ పెన్షనర్లం ఐదుగురం ఒక్కరోజే పెట్టుకుంటం. నడవలేనాయన ఒకడున్నడు, పోస్ట్‌మ్యాన్ ఆయన ఇంటికే పోయి 70 రూపాయలకు చేసిపెడ్తడు. మేం గూడ ఆ రోజు ఆయన ఇంట్లనే జమైతం. నకిరేకల్‌కు చెవులు వినపడక మూడేండ్లాయె. ఫోను మాట్లాడలేడు, వాయిస్ మెసేజీలు వినలేడు, టైపు చెయ్యనీకె బద్ధకం. ఆయనకు నేను పోస్టుకార్డు రాస్త, రెండు వారాలకు ఒకటి. మనం చదువుకునేటప్పుడు పదిహేను పైసలు, ఇప్పుడు యాభై పైసలు. నాకు తెలిసి ఈ దేశంల ధర పెరిగింది అందరికన్న తక్కువ దానికే. జవాబుల ఒకటే లైను ఉంటది, "అందినది." రిజిస్టర్డ్ పోస్టును 2025ల స్పీడ్ పోస్టుల కలిపేసిండ్రని తెలిసి మా పాత స్టాఫు అందరం బాధపడ్డం, కార్డు మాత్రం ఇంక ఉన్నది.

మీ ఇంటామె అడిగినదాంట్ల తప్పేం లేదు. నలభై ఏండ్లు బడి, పిల్లలు, ఇల్లు, లోను, ఎవరి కుస్తీ వాళ్ళది. ఆమెను గూడ ఒకసారి పానగల్ తోల్కరండి. మీ బ్యాచ్ రాకుంటే మా బ్యాచ్ ఉంటది. రెండో శనివారం, కట్టమీద. సర్వపిండి మాత్రం ఆమె తేవాలె.

*అక్కా, రిటైర్మెంట్ డబ్బులు వచ్చి ఆరు నెలలైంది. క్లాస్‌మేట్ ఒకాయన కొడుకు వ్యాపారానికని ఐదు లక్షలు చేబదులు అడుగుతున్నాడు. ఇంకొకాయన చిట్టీకి జమానతు సంతకం పెట్టమంటున్నాడు. కాదంటే నలభై ఏళ్ళ స్నేహం పోతుందేమో.*
— దేవరకొండ

జమానతు పెట్టకండి. వాళ్ళు కట్టని కిస్తులు మీ నెత్తిన పడతయి, అప్పుడు పోయే స్నేహం ఇప్పుడే పోతే నయం. చేబదులు విషయంల, మళ్ళ రాకపోయినా అన్నం తిని పండుకోగలిగినంత ఇయ్యండి, అది ఐదు వేలైనా సరే. "మా ఆమె పేరు మీద డిపాజిట్ చేసిన" అని చెప్పండి. అబద్ధం వద్దనుకుంటే నిజంగనే చేయండి.

గ్రాట్యుటీ ఎంత వచ్చిందో గ్రూపుల మీరే రాసిండ్రని నాకు అనుమానం. ఇంకొక హెచ్చరిక: దోస్తు నంబరు నుంచి రాత్రిపూట "అర్జెంటుగ ఇరవై వేలు పంపు, పొద్దున ఇస్త" అని మెసేజీ వస్తే పంపేముందు ఫోన్ చేసి గొంతు వినండి. వాళ్ళ వాట్సాప్‌ను దొంగలు పట్టుకొని అందరికి పెడుతుంటరు. పైసలు పోతే తెల్లారేదాక ఆగకుండ సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయండి.

*మేడం గారూ, మాది మహబూబ్‌నగర్. 1980–83లో అక్కడే బీఏ చదివాను. క్లాసులో అమ్మాయిలం ఐదుగురమే. పిల్లలమర్రి కింద దిగిన నలుపు తెలుపు ఫోటో ఒకటి నా దగ్గర ఉంది. ఇద్దరు దొరికారు. మరో ఇద్దరి జాడ లేదు. బ్యాచ్ గ్రూపులో అడిగితే ఇంటిపేర్లు మారిపోయాయి, మాకేం తెలుసు అంటున్నారు. ఫేస్‌బుక్‌లో ఎంత వెతికినా కనిపించలేదు.*
— ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్న ఒక అమ్మమ్మ

చెల్లె, ఫేస్‌బుక్‌ల ఎట్ల దొరుకుతరు? వాళ్ళ ఫోన్ల సిమ్ము కొడుకు పేరు మీద ఉంటది, ఫోటోల మనవరాలు ఉంటది, పేరు కాడ "అమ్మ" అని ఉంటది.

నేను కౌంటర్ల కూసున్న ఏండ్లల్ల చూసిన సంగతి చెప్త. మగపిల్లగాని చిరునామా ఊరు మారితే మారుతది. ఆడపిల్లదైతే ఆమె ఉన్న ఊర్లనే మారుతుంటది. ముందు తండ్రి కేరాఫు, పెండ్లయినంక భర్త పేరు, ఆఖరుకు కొడుకు ఫ్లాటు నంబరు. మా ఏడుగురు ఆడపిల్లలల్ల ఒకామెకు నేను 1983ల రాసిన ఇన్‌లాండ్ "విలాసదారు లేరు" అని నా చేతికే తిరిగొచ్చింది. ఆ ముద్ర కొట్టింది మా ఆఫీసాయనే.

ఆమెను 2022ల పట్టుకున్న. ఎట్లంటె, మారంది ఒక్కటే, తల్లిగారి ఊరు. మీకు దొరకని ఆ ఇద్దరిది ఏ ఊరో మీకు యాదికుంటది. హాస్టల్ల ఉన్నప్పుడు ఆ ఊరి నుంచి వచ్చిన సకినాలు తిననిది ఎవరు? ఆ ఊరికి పోండి, కాని మామూలు రోజు పోకండి. బతుకమ్మకు పోండి. ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాక తొమ్మిది రోజులల్ల ఏదో ఒకరోజు ఆడబిడ్డ తల్లిగారింటికి వస్తది, అరవై దాటినా వస్తది, తల్లి లేకున్న వదిన మొఖం చూసైనా వస్తది. ఆమె రాకున్న, ఆమె ఎక్కడున్నదో చెప్పే వదిన ఇంట్లనే ఉంటది. తమ్మున్ని అడిగితే "హైదరాబాద్ దిక్కు ఎక్కడో" అంటడు, వదినను అడిగితే అపార్ట్‌మెంటు, అంతస్తు, మోకాళ్ళ నొప్పి అన్నీ చెప్తది.

నంబరు దొరికినంక నేరుగ బ్యాచ్ గ్రూపుల ఎయ్యకండి. ముందు ఆమెనే అడగండి. మనకు తెల్వని ఇండ్లుంటయి, నలభై మంది మగోళ్ళ నుంచి ఒక్కసారి గుడ్ మార్నింగులు వస్తే ఆమెకు ఏం లెక్క చెప్పాల్సి వస్తదో మనకు తెల్వదు. మీ ఐదుగురికి వేరే గ్రూపు చాలు. ఫోటో జిరాక్సు కాకుండ స్టూడియోల మంచిగ కాపీలు తీయించి ఐదు పట్టుకపోండి. ఆ మర్రిచెట్టుకు 2018ల చెదలు పట్టి, కొమ్మలకు సెలైన్ బాటిళ్ళు కట్టి మందు ఎక్కించిండ్రని చదివినప్పుడు నాకు మన వయసే యాదికొచ్చింది.

నేను పోయిన రోజు సద్దుల బతుకమ్మ. ఆమె గడపల కూసొని తంగేడు కట్టలు విప్పుతున్నది. నన్ను కింది నుంచి మీదికి చూసి గుర్తుపట్టలేదు. పేరు చెప్పిన, అయినా పట్టలేదు. "1983ల ఉత్తరం రాస్తె వాపస్ వచ్చింది" అన్న. అప్పుడు లేసింది. మీరు గూడ మధ్యాహ్నం మూడింటి లోపలనే పోండి. పూలు పేర్చుడు అయినంక పోతే కూసోబెట్టి చాయ్ ఇచ్చి పంపుతరు. మూడింటికి పోతే గునుగు కొసలు కోసి రంగుల అద్దమని మీ ముందట తాంబాలం పెడ్తరు.